షోరూం గడప దాటితే ఇంజన్ చచ్చిపోదు

"అంత పెద్ద బండికి బోరబండలో ఆయిల్ మార్పిస్తావా అన్నా?" బెంజి, బీఎండబ్ల్యూ, ఆడీ డీజిల్ కారు పెట్టుకున్నవాళ్ళకు హైదరాబాద్‌లో మన వైపు ఈ ప్రశ్న తప్పదు. మోతీనగర్ టీ కొట్టు దగ్గర అడుగుతారు, అమీర్‌పేటలో ఆఫీసు మెట్ల మీద అడుగుతారు, పెళ్ళిలో బంధువులు అడుగుతారు. అడిగే తీరులోనే జవాబు ఉంటుంది: చేయకూడని పని చేస్తున్నావు అని.

ఆ అభిప్రాయాన్ని దాని బలంతోనే చెబుతాను. ఖరీదైన డీజిల్ ఇంజన్ సున్నితమైనది. దానికి ప్రత్యేకమైన ఆయిల్ కావాలి, అది కంపెనీ దగ్గరే నమ్మకంగా దొరుకుతుంది. బయట డ్యూప్లికేట్ ఆయిల్ ఉంది. షోరూంలో శిక్షణ పొందిన మనుషులు, కంప్యూటర్లు ఉంటాయి, షెడ్డులో ఉండవు. బయట చేయిస్తే వారంటీ పోతుంది, అమ్మేటప్పుడు ధర పోతుంది. కొన్ని వేలు మిగుల్చుకోబోయి కొన్ని లక్షల ఇంజన్ పోగొట్టుకోవడం తెలివి కాదు. బండి కొనగలిగినవాడు ఆయిల్ దగ్గర లెక్కలు చూడకూడదు.

ఇందులో నిజాలు ఉన్నాయి. ఇంజన్ ఖరీదు నిజం. డ్యూప్లికేట్ ఆయిల్ నిజం. ఏ ఆయిల్ పడితే అది పోస్తే నష్టమన్నదీ నిజమే. కానీ వీటి నుంచి "కాబట్టి షోరూం ఒక్కటే దారి" అన్న ముగింపు రాదు. పైగా ఆ ముగింపును నమ్మడమే ఇంజన్లకు చేటు చేస్తోందని నా వాదన.

ముందు ఈ మాట ఎవరి గురించో తేల్చుకోవాలి. కొత్త కారు కొని, వారంటీలో ఉండి, సర్వీసు ప్యాకేజీకి ముందే డబ్బు కట్టినవాళ్ళు షోరూంకే వెళ్ళాలి. వాళ్ళతో నాకు పేచీ లేదు. నేను మాట్లాడేది రెండో చేతి, మూడో చేతి బండి గురించి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. దాంతో అక్కడ గడువు దగ్గరపడ్డ కార్లు ఎన్‌ఓసీ పుచ్చుకుని ఇతర రాష్ట్రాలకు వచ్చాయి. మామూలు కొత్త కారు ధరకే పెద్ద బండి దొరుకుతుంది. కొన్న ధర మూడో వంతుకు పడిపోయినా సర్వీసు బిల్లు మాత్రం కొత్త బండి బిల్లే. "కొనగలిగినవాడు" అని మనం అంటున్న మనిషి చాలాసార్లు ఆ తేడా మధ్య ఇరుక్కున్న మధ్యతరగతి మనిషి.

1. "కంపెనీ ఆయిల్ బయట దొరకదు"

కార్ల కంపెనీలు ఆయిల్ తయారుచేయవు. బీఎండబ్ల్యూ తన పేరుతో అమ్మే ఇంజన్ ఆయిల్‌ను 2015 నుంచి షెల్ సరఫరా చేసింది. అంతకు ముందు ఆ కంపెనీ కాస్ట్రాల్‌తో నడిచింది. సరఫరాదారు మారినా ఇంజన్లు ఆగిపోలేదు. ఎందుకంటే కార్ల కంపెనీ నిజంగా తన చేతిలో పెట్టుకునేది ఆయిల్‌ను కాదు, ప్రమాణాన్ని. బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్‌కు 229.51, 229.52, ఆడీకి ఫోక్స్‌వాగన్ 507 00. ఆయిల్ తయారీదారు ఆ పరీక్షలకు నిలబడి ఆమోదం తెచ్చుకుంటాడు, ఆ అంకెను డబ్బా వెనక అచ్చు వేసుకుంటాడు. కారుతో వచ్చిన పుస్తకం తెరిచి చూడండి. అక్కడ ఉండేది ఈ అంకె. ఏ వీధిలో పోయించాలో పుస్తకం చెప్పదు.

ఆ అంకె అలంకారం కాదు, దాని వెనక కారణం ఉంది. పొగలో మసిని పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, సైలెన్సర్ దారిలో కూర్చుని ఉంటుంది. పట్టిన మసిని అది ఎప్పటికప్పుడు కాల్చేసుకుంటుంది. కానీ ఇంజన్‌లో కొద్దికొద్దిగా కాలిపోయే ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. అది ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి. యూరప్ కార్ల తయారీదారుల సంఘం పెట్టిన సీ3 ప్రమాణంలో సల్ఫేట్ బూడిద 0.8 శాతం దాటకూడదు. లారీలకు వాడే 15డబ్ల్యూ-40 ఆయిళ్ళలో ఇది సాధారణంగా అంతకన్నా ఎక్కువే. లారీకి అది మంచి ఆయిల్. డీపీఎఫ్ ఉన్న కారుకు నెమ్మదిగా పనిచేసే విషం.

కాబట్టి ప్రమాదం ఉన్నది తప్పు అంకెలో. షోరూంలో సరైన అంకె ఉంటుంది కాబట్టి షోరూం సురక్షితం. సరైన అంకె బయట ఉంటే బయట కూడా అంతే సురక్షితం. ఫిల్టర్ సంగతీ ఇదే. మాన్, మాహ్లే, హెంగ్స్ట్ లాంటి తయారీదారులు కార్ల కంపెనీలకు ఫిల్టర్లు ఇస్తారు, సొంత పెట్టెలో బజారులోనూ అమ్ముతారు.

డ్యూప్లికేట్ మాట దాటవేయను. అది ఉంది, భయపడాల్సిందే. కానీ దానికి మందు కొనే చోటును ఎంచుకోవడం: ఆయిల్ కంపెనీ అధీకృత డీలర్ దగ్గర, జీఎస్టీ బిల్లుతో, సీలు విప్పని డబ్బా కొనడం. ఎవరో తెచ్చిపెట్టిన డబ్బా, డ్రమ్ములోంచి వంచిన లూజు ఆయిల్ ముట్టుకోకపోవడం. ఆయిల్ మీరు కొని మెకానిక్ చేతికి ఇస్తే డ్యూప్లికేట్ వాదన అక్కడితో ఆగిపోతుంది.

2. "షెడ్డు మెకానిక్‌కు చేతకాదు"

ఈ మాట అనేవాళ్ళను ఒకటే అడుగుతాను: ఏ పని చేతకాదు? ఇంజెక్టర్ కోడింగ్, గేర్‌బాక్సు మరమ్మతు, టైమింగ్ చైన్ మార్పు గురించి అయితే నేను వెనక్కి తగ్గుతాను. ఆయిల్ మార్పు అలాంటిది కాదు. ఇంజన్ కాస్త వేడెక్కనిచ్చి పాత ఆయిల్ దించాలి. ఫిల్టర్ మూత విప్పి కొత్త ఫిల్టర్, కొత్త ఓ-రింగ్ వేయాలి. చాంబర్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి. బిగింపు కొలతతో బిగించాలి. బీఎండబ్ల్యూ ఫిల్టర్ మూత మీద 25 న్యూటన్ మీటర్లని అచ్చు వేసే ఉంటుంది. కొలిచి పోయాలి: బీఎండబ్ల్యూ ఎన్47 రెండు లీటర్ల డీజిల్‌కు 5.2 లీటర్లు, మెర్సిడెస్ ఓఎం651కు 6.5 లీటర్లు. స్టార్ట్ చేసి, ఆపి, కాసేపు ఆగి మట్టం చూడాలి. లీకు చూడాలి. సర్వీసు గుర్తు చెరపాలి. చాలా మోడళ్ళలో అది డ్యాష్‌బోర్డు మీటతోనో స్టీరింగ్ మీది మీటలతోనో అవుతుంది, కానిచోట మామూలు స్కానర్ చాలు.

ఇందులో జరిగే తప్పులు కూడా తెలిసినవే. పాత ఓ-రింగ్ మీదే మూత బిగించడం, ప్లాస్టిక్ మూతను బలం కొద్దీ తిప్పి పగలగొట్టడం, కొలవకుండా ఎక్కువ పోయడం. ఇవన్నీ చేసే మనిషి శ్రద్ధకు సంబంధించినవి. గోడ మీద బోర్డు ఏ కంపెనీదన్నది వీటిని ఆపదు. చాలా పెద్ద సర్వీసు కేంద్రాల్లో బండి తాళం ఇచ్చేశాక మీరు లాంజ్‌లో కూర్చుంటారు, బండి మీ కంటికి కనిపించదు. షెడ్డులో మీరు పక్కనే నిలబడతారు. ఏ డబ్బా విప్పారో, పాత ఫిల్టర్ బయటికి వచ్చిందో లేదో, వాషర్ మారిందో లేదో చూస్తారు. "భయ్యా, టార్క్ స్పానర్ తియ్యి" అని అడగగలుగుతారు. అది లేదన్న షెడ్డు నుంచి బండి వెనక్కి తిప్పుకునే స్వేచ్ఛ మీకుంది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. బయటి మెకానిక్‌కు సమాచారం లేదు, పరికరాలు లేవు అంటున్నాం. ఎందుకు లేవు? కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో దీనికి జవాబుంది. విడిభాగాలు, సాంకేతిక సమాచారం, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా అడ్డుకున్నారని తేల్చి 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ జాబితాలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్-బెంజ్, ఫోక్స్‌వాగన్, స్కోడా ఉన్నాయి. మనం రోజూ చూసే మారుతి, టాటా, మహీంద్రా, టయోటా కూడా ఉన్నాయి. కంపెనీలు పైకి వెళ్ళాయి. 2016లో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో జరిమానా తగ్గించింది గానీ తప్పు జరిగిందన్న నిర్ధారణను నిలిపింది. చదువుకునే దారి మూసేసి, చదువు రాలేదని తిట్టడం న్యాయం కాదు. బోరబండ సైట్-3 సందుల్లోనో ఎర్రగడ్డ రోడ్డు పక్కనో కారు కింద పడుకున్న కుర్రవాడికి తక్కువైంది తెలివి కాదు, ఆ సమాచారం.

3. "వారంటీ పోతుంది"

బెదిరింపుగా ఎక్కువ పనిచేసేది ఈ మాటే, కాబట్టి సూటిగా చెప్పాలి. పదేళ్ళ బండికి పోవడానికి వారంటీ లేదు. వారంటీ ఉన్న బండి విషయంలోనూ అదే 2014 ఉత్తర్వు స్పష్టంగా ఉంది: బయట మరమ్మతు చేయించాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేయకూడదు, బయట జరిగిన తప్పు పనివల్ల ఏ నష్టం వచ్చిందో ఆ మేరకే వారంటీ కాదనవచ్చు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం వారంటీని ఫలానా కంపెనీ సరుకుకు, సేవకు ముడిపెట్టడాన్ని అడ్డుకుంది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలూ ఉన్నాయి. ఎవరైనా నోటిమాటగా "వారంటీ పోతుంది" అంటే రాసి ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే, ఇచ్చినా అన్యాయమనిపిస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

4. "అమ్మేటప్పుడు ధర రాదు"

కొత్తగా ఉన్న మూడు నాలుగేళ్ళ బండికి ఇది కొంత నిజం. ఆపైన కొనేవాడు చూసేది ఇంజన్ చప్పుడు, పొగ, స్కానర్‌లో పడే లోపాలు, బిల్లుల వరస. ఆయిల్ డబ్బా బిల్లు, ఫిల్టర్ బిల్లు, మీటరు అంకె తేదీతో ఒక ఫొటో దాచిపెట్టుకోండి. రెండేళ్ళకొకటి ఉన్న షోరూం ముద్ర కన్నా ఆరు నెలలకొకటి ఉన్న ఈ కాగితాలే ఇంజన్ గురించి ఎక్కువ చెబుతాయి.

5. అసలు లోపం ఎక్కడుంది

ఈ అభిప్రాయం ఒక ఊహ మీద నిలబడింది. బయట చేయించవద్దని భయపెడితే మనిషి షోరూంకు వెళ్తాడని ఆ ఊహ. మధ్యతరగతి ఇల్లు అలా నడవదు. స్కూలు ఫీజు నెలలో పెద్ద బిల్లు భరించలేనివాడు షోరూంకు వెళ్ళడు. బయటికి వెళ్ళడానికి భయం. కాబట్టి వాయిదా వేస్తాడు. "ఇంకో రెండు వేల కిలోమీటర్లు తిరుగుతుందిలే" అంటాడు. సర్వీసు గుర్తు పసుపు నుంచి ఎరుపుకు మారుతుంది. కంటి ముందు వెలుగుతున్నా అలవాటైపోతుంది. ఇంజన్‌ను తినేది ఈ వాయిదానే.

మన వైపు ఇది మరీ చేటు. బోరబండ నుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్టకు దూరం అయిదారు కిలోమీటర్లే. ఆ దూరమంతా మొదటి, రెండో గేరులోనే. మైత్రీవనం దగ్గర ఆగాలి, మెట్రో స్టేషన్ కింద ఆగాలి, నిమ్స్ ముందు ఆగాలి. కిలోమీటర్ల మీటరు కదలదు, ఇంజన్ మాత్రం గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది. డీపీఎఫ్ మసిని కాల్చుకోవాలంటే పొగ వేడి ఆరు వందల డిగ్రీల దాకా లేవాలి. దానికోసం ఇంజన్ ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతుంది. ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. కాల్చుకోవడం పూర్తయ్యేలోపు మీరు ఇల్లు చేరి తాళం తీసేస్తారు. మర్నాడు మళ్ళీ మొదలు, మళ్ళీ కొంత డీజిల్. అందుకే ఈ బండ్లలో ఆయిల్ మట్టం తగ్గడం కాదు, కొన్నిసార్లు పెరుగుతుంది. గీత దాటి పైకి వచ్చిన ఆయిల్‌ను చూసి సంతోషించేవాళ్ళు ఉన్నారు. అది డీజిల్ కలిసి పలచబడ్డ ఆయిల్. నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బో ఇరుసుకు ఆధారం ఆ పలచబడ్డ పొరే.

ఎన్47 ఇంజన్ టైమింగ్ చైన్ సంగతి బీఎండబ్ల్యూ ఉన్న ప్రతివాడూ విన్నదే. చైన్ ఇంజన్ వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది; మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో దించాలి. ఆ చైన్ బలహీనత తయారీలోనే ఉంది, దాన్ని ఆయిల్ మీదికి నెట్టను. కానీ బలహీనమైన చైన్‌కు మసి నిండిన ఆయిల్ పోసి ఏడాదికి మించి తిప్పడం ప్రమాదాన్ని ముందుకు లాక్కోవడమే.

"ఇప్పుడు డీజిల్ శుభ్రంగా వస్తోంది కదా" అంటారు. నిజమే. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చి డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. ఆయిల్‌ను పాడుచేసే ఆమ్లాల బెడద తగ్గింది. మసి తగ్గలేదు, డీజిల్ కలవడం తగ్గలేదు, అమీర్‌పేట ట్రాఫిక్ అసలే తగ్గలేదు. మెర్సిడెస్, ఆడీ మన దేశంలో చెప్పే ఏడాది లేదా 15,000 కిలోమీటర్లన్నది పై హద్దు. ఊరు దాటకుండా తిరిగే బండికి అందులో సగం, అంటే 7,500 కిలోమీటర్లకో ఆరు నెలలకో మార్చాలని నా అభిప్రాయం.

ఇక్కడే పొదుపు లెక్క తిరగబడుతుంది. ఓఎం651 ఇంజన్ తీసుకుందాం. ఏడు లీటర్లు కొంటే, లీటరు వెయ్యి అనుకున్నా, 7,000. ఫిల్టర్ 1,500, వాషర్, చిల్లర 200, చేతికూలి 1,000. మొత్తం 9,700. ఇవి గుండ్రంగా వేసుకున్న ధరలు. మీ డబ్బా మీద ఉన్న ధర మీరు వేసుకోండి. తర్వాత మీ పాత షోరూం బిల్లు తీసి ఆయిల్, ఫిల్టర్, వాషర్ గీతలు పక్కన పెట్టి మిగిలినవన్నీ కూడండి. లేబర్, ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనర్, ఇంజన్ డ్రెస్సింగ్, ఏసీ శుద్ధి. ఇంజన్ లోపలికి వెళ్ళే ఆయిల్ ఒక్క చుక్క కూడా వీటివల్ల మెరుగుపడదు. మీ షోరూం బిల్లు పైన వేసిన బయటి మొత్తానికి రెట్టింపు ఉంటే, అదే డబ్బుతో బయట ఏడాదికి రెండుసార్లు అదే ప్రమాణం ఉన్న ఆయిల్ మారుతుంది. రెండుసార్లు కొత్త ఆయిల్ తాగిన ఇంజన్ బాగుంటుందా, ఒకసారి తాగి మిగతా కాలం వాయిదాలో ఉన్నది బాగుంటుందా? షోరూం పక్షం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు.

6. కక్కుర్తి అంటే ఏది

నా వాదనను అడ్డం పెట్టుకుని చవక పనులు చేసేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. "మన ఎండకు పలచటి 5డబ్ల్యూ-30 నిలవదు, చిక్కటి 15డబ్ల్యూ-40 పోద్దాం సార్" అనే మెకానిక్‌లు ఉన్నారు. మొదటి అంకె చలిలో ఇంజన్ స్టార్ట్ అయ్యే వేళకు సంబంధించినది. వేడిలో నిలకడను 150 డిగ్రీల దగ్గర కొలుస్తారు. మామూలు 30 గ్రేడుకు అక్కడ చిక్కదనం కొలత 2.9 ఉంటే చాలు, సీ3 ప్రమాణం 3.5 అడుగుతుంది. హైదరాబాద్ మే నెల ఎండ ఆ ఆయిల్‌ను ఏమీ చేయలేదు. చిక్కటి ఆయిల్ తెచ్చే బూడిద మాత్రం డీపీఎఫ్‌ను మూసేస్తుంది.

ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేయడం కక్కుర్తి. పాత వాషర్ తిప్పి వేయడం కక్కుర్తి. నల్లగా ఉందని మార్చడం, నల్లగా లేదని ఆపడం రెండూ అజ్ఞానమే. డీజిల్ ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది, అది మసిని పట్టుకుందని అర్థం. అన్నిటికన్నా నీచమైన పొదుపు, దించిన ఆయిల్‌ను మోరీలో వంపడం. వాడిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. మన పక్క మోరీల నీళ్ళు కూకట్‌పల్లి నాలా పట్టుకుని హుస్సేన్ సాగర్‌లో కలుస్తాయి. ఆ ఆయిల్‌ను డబ్బాలో పట్టి, రీసైక్లింగ్‌కు కొనేవాళ్ళకు ఇవ్వని షెడ్డుకు మీ బండి తీసుకెళ్ళకండి. అడిగే కస్టమర్లు నలుగురు ఉంటే షెడ్డు మారుతుంది.

పొదుపు చేయాల్సింది బిల్లులో. ఆయిల్‌లో చేయకూడదు, గడువులో అసలే చేయకూడదు. ఈ తేడా చెప్పకుండా "పెద్ద బండికి షోరూమే" అని తీర్పు ఇచ్చేవాళ్ళు ఇంజన్‌ను కాపాడటం లేదు, దాని యజమానిని భయపెట్టి వాయిదాలోకి నెడుతున్నారు. కారు పుస్తకం తీసి ఆయిల్ ప్రమాణం అంకె ఒక కాగితం మీద రాసుకోండి. ఆ అంకె ఉన్న డబ్బా బిల్లుతో కొనండి, సరైన ఫిల్టర్ కొనండి, టార్క్ స్పానర్ ఉన్న షెడ్డు వెతకండి, పని అయ్యేదాకా పక్కనే నిలబడండి. నెలకోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట ఆగకుండా నడిపి డీపీఎఫ్‌ను కాల్చుకోనివ్వండి. మీ బండి ఎరుపు గుర్తు చూపిస్తూ ఇప్పటికే తిరుగుతుంటే షోరూంకో షెడ్డుకో తర్వాత తేల్చుకోవచ్చు. ఆయిల్ మాత్రం ఈ వారమే మార్పించండి.